కిటికీ అద్దం మీద దొడ్డమ్మ

అల్ ఐన్‌లో గల్ఫ్ పనికని వచ్చి నేను చేరిన ఇంట్లో ఒక పాప ఉండేది. రాగిరంగు జుట్టు, ముక్కు మీదా బుగ్గల మీదా గోధుమరంగు చుక్కలు. వాళ్ళది ఐర్లండ్. అమ్మా నాన్నా ఇద్దరూ టీచర్లు. నేను ఆ ఇంట్లో బ్యాగు దించిన రోజు, మెట్ల మీద నిలబడి నన్నే చూస్తున్న ఆ పిల్లను చేయి ఊపి "ఇట్రా పాపా" అని పిలిచాను. భాష తెలియకపోయినా సైగ తెలుస్తుంది కదా అనుకున్నాను.

ఆ పిల్ల "ఆయ్, వచ్చేత్తన్నా" అంది.

మాది నెల్లూరు వైపు. ఇంట్లో ఉర్దూ అంతంతమాత్రం, మాట్లాడేదంతా తెలుగే. మా దగ్గర "వస్తుండా" అంటాం. "ఆయ్" అనేది గోదావరి మనుషులు. ఆ తెల్లపిల్ల నోట్లోంచి గోదావరి ఆడమనిషి గొంతు వచ్చినట్టయి, నేను వెనక్కి తిరిగి ఇంకెవరైనా ఉన్నారేమో అని చూశాను.

మేడమ్ నా మొహం చూసి చెప్పింది. ముందు పనిచేసినామె కూడా తెలుగు మనిషేనట. పాప పొత్తిళ్ళలో ఉన్నప్పటినుంచి ఆమే పెంచిందట. అందుకే మేడమ్ పనిమనుషులను పంపే ఆఫీసులో తెలుగు వచ్చిన మనిషే కావాలని పట్టుబట్టిందట. "ఆమె ఏమైంది మేడమ్?" అని నాకొచ్చిన ఇంగ్లీషులో అడిగాను. "షీ ఈజ్ గాన్" అంది. ఇంటికి వెళ్ళిపోయిందని అనుకున్నాను. 2021 మొదట్లో మాట అది. అంతకుముందు ఏడాదంతా ఎందరో పనులు పోయి విమానాలెక్కి వెళ్ళిపోయారు. అందులో అనుమానించేదేముంది?

నా గది వంటింటి వెనకాల. మంచం, బీరువా, పెరట్లోకి ఒక కిటికీ. కిటికీ అవతల రెండు ఖర్జూరపు చెట్లు, వాటి మధ్య బట్టలారేసే తీగ. గోడలకు కొత్త సున్నం వాసన ఇంకా పోలేదు. గదిలో గోడకు కొట్టిన కొక్కేలు మాత్రం పాతవే. అవి నాకు అందేవి కావు. బురఖా తగిలించాలంటే స్టూలు ఎక్కాలి. ఎవరో పొడుగు మనిషి ఉండేది కాబోలు అనుకున్నాను.

పాప నాతో బాగానే కలిసిపోయింది. అన్నం తినిపిస్తే తినేది, జడ వేయించుకునేది. నా గదిలోకి మాత్రం వచ్చేది కాదు. గడప మీద నిలబడి, నా భుజం పక్కనుంచి లోపలికి చూసేది. లోపల ఇంకెవరైనా ఉన్నారా అని చూసే చూపు అది. మధ్యాహ్నం నేను కాస్త నడుం వాల్చి తలుపు గడియ పెడితే వచ్చి తట్టేది. "గడియెట్టకు ఆంటీ" అనేది. ఎందుకంటే చెప్పేది కాదు. తలుపు ఓరగా తీసి ఉంచి వెళ్ళిపోయేది.

వేసవిలో ఒకరోజు సాయంత్రం జరిగింది నాకు బాగా గుర్తుంది. మేడమ్ స్కూల్లో ఏదో మీటింగని వెళ్ళింది. నిద్ర లేచిన పాప "మమ్మీ ఏది?" అంది. "మీ అమ్మ పోయిందమ్మా" అన్నాను. మా వైపు అంతే అంటాం. బజారుకి పోయింది, బడికి పోయింది. ఆ మాట వినగానే పాప పెట్టిన కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. చెప్పులు లేకుండా ఆ కాలే నేల మీద గేటు దాకా పరిగెత్తింది. ఎత్తుకుంటే నా చేయి కొరికింది. కారు వచ్చి మేడమ్ దిగేదాకా గేటు ఊచలు వదల్లేదు.

మా ఆయన అప్పట్లో మఫ్రఖ్ లేబర్ క్యాంపులో ఉండేవాడు. ఫోనులో చెబితే, "పిల్లకేదో గాలి సోకినట్టుండాది. ఆయతుల్ కుర్సీ చదివి ఊదు" అన్నాడు. పాప నిద్రపోయాక నుదుటి మీద ఊదాను.

అక్టోబరు వచ్చేసరికి ఎండ కాస్త మెత్తబడింది. పొద్దున్నే జబల్ హఫీత్ కొండ మసక లేకుండా కనబడసాగింది. ఒకరోజు మేడమ్ డబ్బానిండా రంగుసీసాలు తెచ్చి హాల్లో పరిచింది. హాలోవీన్ పండగకు కిటికీలకు బొమ్మలు వేయాలంది. రంగులో గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు కలపమంది. అలా కలిపితే పండగయ్యాక తడిగుడ్డతో తుడిస్తే వచ్చేస్తుందట.

"ఈ దయ్యాలూ పుర్రెలూ ఎందుకు మేడమ్?" అని అడిగాను.

కలుపుతూనే చెప్పింది. వాళ్ళ నాయనమ్మ ఊళ్ళో ఆ రాత్రి చనిపోయినవాళ్ళు ఇళ్ళకు వస్తారని నమ్మేవారట. ఇంట్లోవాళ్ళ కోసం పొయ్యి దగ్గర కుర్చీ వేసి, దారి తెలియడానికి కిటికీలో దీపం పెట్టేవారట. వాళ్ళ వెంట పిలవనివి కూడా వస్తాయి కాబట్టి వాటిని బెదరగొట్టడానికి ఈ మొహాలట. నాకేం వింతగా అనిపించలేదు. షబే బరాత్ రాత్రి మా జేజి కూడా ఇల్లంతా ఊదు వేసి, హల్వా పళ్ళెం పెట్టి, "మనోళ్ళొచ్చి గడప కాడ నిలబడుంటారు, చీకటిగా పెట్టబాకండి" అనేది. మేడమ్‌కు అది చెబితే కలిపే పుల్ల ఆపి నావైపు చూసింది. ఏదో అనబోయి మానుకున్నట్టనిపించింది.

రెండు రోజులు ముగ్గురం రంగుల్లోనే ఉన్నాం. వీధివైపు అద్దాల నిండా పళ్ళికిలించే గుమ్మడికాయలు, వీపు పైకెత్తిన నల్లపిల్లులు, గబ్బిలాలు. బయటివాళ్ళకు సరిగ్గా కనబడాలని మేడమ్ అక్షరాలు లోపలినుంచి తిరగేసి రాసింది. పాప ఒక ఎముకలగూడు వేసి దానికి బూట్లు తొడిగింది. తర్వాత నీలం రంగు ఒక గిన్నెలో విడిగా కలుపుకుంది. "నలుపు కూడా ఇవ్వు ఆంటీ" అంది. "దేనికి?" అంటే "జుట్టుకి" అంది.

ఆ వారంలోనే ఒక సాయంత్రం సార్‌తో సరుకులకు వెళ్ళి మగ్రిబ్ వేళకు తిరిగొచ్చాను. మసీదులో అజాన్ అయిపోయింది. సంచులు వంటింట్లో పెట్టి, చీకటి పడకముందే ఆరిన బట్టలు తీద్దామని పెరట్లోకి వెళ్ళాను. దుప్పటి తీగ మీంచి లాగితే దాని వెనక నా గది కిటికీ కనిపించింది. గదిలో లైటు వెలుగుతోంది.

నా గదిలో ఒక ఆడమనిషి నిలబడి ఉంది.

పొడుగు మనిషి. తల కిటికీ పై అంచుకు తగులుతోంది. నైటీ మీద భుజాన తువ్వాలు. జడ ముందుకు వేసుకుంది. ఒక చేయి పైకెత్తి ఉంది. నా చేతిలో బట్టలన్నీ ఇసకలో పడిపోయాయి. కలమా చదవబోతే మొదటి మాట తర్వాత నోరు పెగల్లేదు. ఆమె కదలదు, నేనూ కదలను.

"బాగుందా ఆంటీ?"

వంటింటి తలుపు దగ్గర పాప. మోచేతుల దాకా నీలం రంగు.

అప్పటిగ్గానీ అది బొమ్మని నాకు తెలియలేదు. గదిలోకి వెళ్ళాను. పాప నా మంచమెక్కి వేసింది. తెల్ల దుప్పటి మీద చిన్నచిన్న నల్లటి పాదాలు. ఎప్పుడూ గడప దాటని పిల్ల. దగ్గర్నుంచి చూస్తే చేతులు పుల్లల్లా ఉన్నాయి, ఒక కన్ను పెద్దది, ఒకటి చిన్నది. నైటీ నిండా నీలం పువ్వులు. ముక్కు కిందనుంచి గడ్డం దాకా లేత నీలం పట్టీ.

"ఎవురమ్మా ఇది?"

"దొడ్డమ్మ."

పెద్దమ్మని గోదావరి వైపు అలా అంటారని నాకు తెలుసు. ముందు పనిచేసినామెను పాప అలా పిలిచేదన్నమాట.

"మూతి మీద ఇదేంది?"

"మాస్కు. ఎల్లేటప్పుడు పెట్టుకుంది. గేటు కాడ ఇలాగ చెయ్యూపింది." బొమ్మలో లాగే చేయెత్తి చూపింది. "మమ్మీ ఏమో దొడ్డమ్మ ఊరెళ్ళిందంటది. ఆంబులెన్సులో ఊరెల్తారా ఆంటీ?"

పాప నా చెంగు పట్టుకుని మెల్లగా అడిగింది.

"పోయిందా?"

"ఆ మాట నీకెవురు చెప్పినారు?"

"దొడ్డమ్మే. ఇక్కడే కూచుని ఫోనులో ఏడ్చింది. మా అమ్మ పోయింది, మా అమ్మ పోయింది అని. నేనడిగితే, పోయిందంటే ఇంక రాదమ్మా అని చెప్పింది."

ఆ వేసవి సాయంత్రం ఆ పిల్లతో నేనేమన్నానో అప్పుడు అర్థమైంది. పాపను దగ్గరకు తీసుకుని కూర్చున్నాను. చేతుల రంగంతా నా బట్టలకు అంటింది.

పాపకు స్నానం చేయించాక వంటింట్లో మేడమ్‌ను అడిగాను. "గాన్" అంటే ఏమిటని. ఆమె స్టవ్ ఆపి, కుర్చీలో కూర్చుని ఏడ్చింది. 2020 వేసవిలో దొడ్డమ్మకు జ్వరం వచ్చిందట, పాపకు అంటకూడదని గదిలో గడియ పెట్టుకుని పడుకుందట. ఆయాసం ఎక్కువైతే ఆంబులెన్సు పిలిచారట. తనే నడిచి వెళ్ళి ఎక్కిందట. ఆసుపత్రిలోకి ఎవరినీ రానివ్వలేదు. మళ్ళీ చూడలేదు. శవాన్ని దేశానికి పంపే వీలు లేక ఇక్కడే, ఊరి చివర ఎడారిలో ఉన్న శ్మశానంలో పూడ్చారట. మనవాళ్ళెవరూ లేరు. సార్ ఒక్కడే దూరంగా నిలబడ్డాడట.

"పాపకు మొదటిరోజు చెప్పలేకపోయాను. తర్వాత ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు" అంది.

"నాకు కూడా చెప్పలేదు మేడమ్. నేను పడుకుంటున్నది ఆమె మంచమేనా?"

"కాదు. మంచం కొత్తది. గదంతా కడిగించి రంగు వేయించాం."

ఎంత కడిగిస్తే ఏం? పరుపు తీసుకెళ్ళి వంటింట్లో వేసుకున్నాను. ఫోను చేస్తే మా ఆయన అరిచాడు. "చచ్చిపోయినోళ్ళ గదిలో పెట్టి మాటైనా చెప్పలేదా? ఖలాస్. వీసా ఇచ్చిన కఫీల్‌తో మాట్లాడి పొద్దున్నే వచ్చెయ్. ఇంకో ఇల్లు చూసుకుందాం." నాకూ అదే సరనిపించింది. తెల్లవారి బట్టలు సర్దుకున్నాను. కొక్కెం మీది బురఖా తీయడానికి స్టూలెక్కినప్పుడు ఆ బొమ్మ మొహమూ నా మొహమూ సమానంగా ఉన్నాయి. తల తిప్పుకున్నాను.

దిగేసరికి పాప గడప దగ్గర ఉంది. బ్యాగు చూసింది. ఏడవలేదు, అరవలేదు. "నువ్వు కూడా ఆంబులెన్సులోనా?" అంది.

మా ఆయనకు ఏం చెప్పానో గుర్తులేదు. బ్యాగు విప్పేశాను.

పండగ రోజు పొద్దున్నే మేడమ్ బకెట్టూ గుడ్డా పట్టుకొచ్చింది. నాకు భయంగా ఉంటుందని తుడిచేస్తానంది. భయంగానే ఉండేది. అయినా వద్దన్నాను. తుడిచేస్తే పాపకు రెండోసారి అదే జరిగినట్టవుతుందని నాకొచ్చిన ఇంగ్లీషులో ఎలాగో చెప్పాను. మేడమ్ గుడ్డ బకెట్లో వేసి, గడప మీద కూర్చుని పాపను పిలిచింది. వాళ్ళ భాషలో నెమ్మదిగా, ఆగి ఆగి అంతా చెప్పింది. పాప విని నావైపు తిరిగింది.

"నువ్వు చెప్పు ఆంటీ."

"పోయిందమ్మా" అన్నాను.

ఈసారి కేక పెట్టలేదు. కాసేపు బొమ్మను చూస్తూ ఉండిపోయింది. తర్వాత "ఎక్కడుంది?" అంది.

"ఈ ఊళ్ళోనే. చివర, ఇసకలో."

"ఐతే దగ్గరే" అంది పాప. "రావచ్చు."

మేడమ్‌కు ఆ మాటలు ఇంగ్లీషులో చెప్పాలని నాకనిపించలేదు. చెప్పలేదు.

సాయంత్రం చుట్టుపక్కల పిల్లలు ముసుగులేసుకుని వీధిగుమ్మం దగ్గరకు చాక్లెట్లకు వచ్చారు. నవ్వులు, కేకలు. మేడమ్, సార్ అక్కడున్నారు. పాప మాత్రం నా గదిలో కుర్చీ వేసి, కిటికీలో బ్యాటరీ దీపం పెట్టి, తలుపు బార్లా తీసి వచ్చింది. వంటింట్లో నేను రొట్టెలు కాలుస్తున్నంతసేపూ వీపు ఆ తలుపు వైపే ఉంది. ఎవరూ రాలేదు. రాలేదనే నేను నమ్ముతాను. గాలి లేకుండా తలుపు ఒకసారి గోడకు తగిలింది. తిరిగి చూడలేదు.

ఆ తర్వాత సెలవురోజున మేడమ్ ఒక నంబరిచ్చింది. దొడ్డమ్మ చెల్లెలిది. అమలాపురం దగ్గర ఊరు. ఏడాదిపైగా ఇద్దరూ ఫోను చేసుకుంటున్నారుగానీ, ఇక్కడ సారీ సారీ అనడం, అక్కడ ఏడవడం, అంతే. మధ్యలో భాష లేదు. నన్ను మాట్లాడమంది.

వీడియోలో ఒక బక్కపలచని మనిషి వచ్చింది. నేనెవరో చెప్పుకున్నాను. ఆమె అడగాలని దాచుకున్నవన్నీ అడిగింది. ఆ రోజు ఏమైనా తిన్నాదా, నొప్పి ఉన్నాదా, పాతిపెట్టేటప్పుడు ఎవరైనా ప్రార్థన చేశారా. నేను మేడమ్‌నడిగి, మేడమ్ చెప్పింది తెలుగులో చెప్పాను. ప్రార్థన సార్ చేశాడని చెప్పినప్పుడు ఆమె రెండు చేతులూ జోడించింది. తర్వాత ఫోను బొమ్మవైపు తిప్పాను.

"ఆయ్, మా అక్కేనండి" అంది. "ఆ తువ్వాలు అలాగే ఏసుకునేదండి. ఎవరేశారండి ఇది?"

ఆ గొంతు విని పాప హాల్లోంచి పరిగెత్తుకొచ్చింది. "దొడ్డమ్మా?" అంది.

అటువైపు ఆమె కొంగుతో మొహం తుడుచుకుని, పాప చూసేలా తెరకు దగ్గరగా వచ్చింది.

"కాదు తల్లీ. నేను నీకు పిన్నినవుతాను."

పాప ఫోను చేతిలోకి తీసుకుని తెరనే చూస్తూ ఉండిపోయింది. తర్వాత ఆమె మాట్లాడినంతసేపూ ఫోనును చెవికి ఆనించుకుంది. మొహం చూడటం మానేసి గొంతు మాత్రమే వింది.

పాప వెళ్ళాక ఆమె నన్ను అడిగింది. "ఏమీ అనుకోకండమ్మా. మా అక్క ఎప్పుడూ మొహమే చూపించేదండి. గదెలాగుంటాదో చూపించేది కాదు. ఓపాలి చూపిత్తారా?" మంచం, బీరువా, కొక్కేలు, పెరడు, ఖర్జూరపు చెట్లు అన్నీ చూపించాను. మంచం కొత్తదని చెప్పలేదు. "ఎలుగు బాగానే వత్తాదండి" అంది. బొమ్మ కొన్నాళ్ళు ఉంచమంది.

ఉంచాం. నవంబరంతా దానితోనే పడుకున్నాను. పొద్దున సూర్యుడు కిటికీకి ఎదురుగా వచ్చినప్పుడు ఆమె నీడ నా కాళ్ళ మీద పడి, మెల్లగా మోకాళ్ళ దాకా, నడుం దాకా వచ్చేది. మొదట్లో గభాలున లేచిపోయేదాన్ని. తర్వాత తర్వాత అది నా మీదుగా దాటిపోయేదాకా కళ్ళు మూసుకుని పడుకునేదాన్ని. ఏసీ గాలికి రంగు ఎండి పెచ్చులుగా లేచింది. పక్కదులిపితే నీలం పొడి రాలేది. చలికాలం మధ్యకొచ్చేసరికి అద్దం మీద ఏమీ మిగల్లేదు. పాప అప్పటినుంచి గదిలోకి వచ్చేది, నా మంచం మీద కూర్చుని హోంవర్కు చేసుకునేది. మరుసటేడు హాలోవీన్‌కు స్నేహితులతో కలిసి వీధివైపు అద్దాలకే బొమ్మలు వేసింది.

ఆ తర్వాత ఏడాది వాళ్ళు ఐర్లండ్ వెళ్ళిపోయారు. నేనూ మా ఆయనా ఇప్పుడు మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో ఒకే చోట ఉంటున్నాం. పోయినేడు బంధువుల ఇంట్లో పెళ్ళికని అల్ ఐన్ వెళ్ళినప్పుడు, చేతిలో కొంచెం సమయం ఉండి ఆ వీధికి నడిచాను. ఎందుకు వెళ్ళానో నాకే తెలియదు. ఇంటికి కొత్త మనుషులొచ్చారు. పక్క గేటు తీసి ఉంది. పెరట్లో ఒక చిన్న వయసు అమ్మాయి, ఏ దేశపుదో, బట్టలారేస్తోంది. ఆమె వెనక ఆ కిటికీకి పూలపూల పరదా.

నన్ను చూసి తడిచేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"కిస్కో దేఖ్నా హై దీదీ?" ఎవరి కోసమని అడిగింది.

ఆ గది సంగతి చెబుదామనుకున్నాను. నిజంగానే నోరు తెరిచాను. నిద్ర చాలని మొహం కాదు ఆమెది, హాయిగా ఉంది.

"కిసీకో నై" అన్నాను. "గలత్ ఘర్ ఆగయీ." ఎవరి కోసమూ కాదు, ఇల్లు పొరబడ్డానని.

ఆమె నవ్వి గేటు మూసింది. నేను బస్టాండు వైపు నడిచాను.